ఆగమన్న గంట

కింది గేటు ఇంకో ఇరవై గజాలుందనగా వెనక సైకిల్ గంట మోగింది. ఒక్కసారే.

సదయ్య బొటనవేలు అతన్ని అడక్కుండానే బ్రేకు నొక్కేసింది. ఫోను తెరమీద అతని సైకిల్ ఉన్నచోటే నిలబడిపోయింది. నల్ల హెల్మెట్ ఆసామి పక్కనుంచి దూసుకుపోయి గేటు తాకాడు. 'ఓడినవారు: సహస్ర తాత. గెలిచినవారు: బ్లాక్ డేంజర్' అని అక్షరాలు మెరిశాయి.

నిన్న సదయ్య గెలిచాడు. ఇవ్వాళ ఓడాడు. రేపటితో తేలిపోతుంది.

మనవరాలు సహస్ర ఫోనులో పెట్టి వెళ్లిన ఆట అది. ఊళ్లూ అడవులూ తిరిగి వింత జీవాలను పట్టుకోవాలి. అందులో ఒక బాట మీదికి సైకిల్ ఉన్నవాళ్లనే రానిస్తారు. నడిచి వస్తే కాపలావాడు వెనక్కి పంపేస్తాడు. బాటంతా వాలే. బ్రేకు పట్టకపోతే సైకిల్ తనంతట తానే కిందికి జారిపోతుంది. మూడు రోజులు, రోజూ పొద్దున పదకొండింటికి పోటీ. రెండుసార్లు ముందుగా గేటు తాకినవాళ్లది నిప్పునెమలి. ఈ బొగ్గు పట్టణాలన్నిటికీ కలిపి ఒక్కటే.

పదకొండింటికి సహస్ర జ్యోతినగర్‌లో బడిలో ఉంటుంది. అందుకే తాతకు అప్పజెప్పింది.

"ప్రశాంత్ బావకు దొరికిందనుకో, దసరా దాక నన్ను ఎక్కిరిస్తనే ఉంటడు తాతా. బావ గూడ అప్పుడు బడిలనే ఉంటడు, నీకు ఫికర్ లేదు" అంది.

ప్రశాంత్ రామకృష్ణాపూర్‌లో ఉండే కూతురి కొడుకు. మొన్నీమధ్యే వచ్చి, రెండు రోజులు అమ్మమ్మ కొంగూ, ఆమె ఫోనూ వదలకుండా తిరిగి వెళ్లాడు.

ఓడినందుకు కాదు, ఆ ఒక్క గంటకే సదయ్య మనసు కుదురు తప్పింది. ముప్పై ఏళ్లు అతను గనిలో హాలర్ ఇంజన్ నడిపాడు. తాడుకు కట్టిన బొగ్గు టబ్బులను వాలులో దింపడం, లాగడం అతని పని. కింద ఉన్నవాళ్లు కనపడరు. గంటతోనే మాట. ఒక్క గంట మోగిందంటే ఉన్నపళాన ఆపాలి. క్షణం ఆలస్యమైనా కింద మనుషులు నలిగిపోతారు. అందుకే ఆ గంట వింటే అతని చెయ్యి ఆలోచించదు.

ఆ సంగతి ఈ బ్లాక్ డేంజర్‌కు ఎట్లా తెలిసింది?

పక్కింటి మల్లక్క దగ్గరికి పోయిన సమ్మవ్వ అప్పుడే తిరిగొచ్చింది. మొగుడి మొహం చూసి అన్నం పెట్టింది. సగం తిన్నాక అడిగింది.

"ఆ ఫోన్ల ఏం పోగొట్టుకున్నవయ్యా?"

"ఏం లేదు."

"ఏం లేకనే గిట్ల మొకం ఏలాడేసినవా?"

అతను కంచం అంచుమీద వేలితో ఒకసారి కొట్టాడు. సమ్మవ్వ గరిటె ఆపి, అన్నం గిన్నె తీసుకుని లోపలికి పోయింది.

చెయ్యి కడుక్కుని సదయ్య తిన్నగా ఉజైర్ మెకానిక్ షెడ్డుకు నడిచాడు. ఉజైర్ తండ్రి రహమతుల్లా ఆ షెడ్డు ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గని అడుగున నిలబడి ముప్పై ఏళ్లూ సదయ్యకు గంట కొట్టింది అతనే.

"నిజం చెప్పు రహమత్ భాయ్. ఆ గంట నువ్వే కొట్టినవ్ కద?"

కథంతా విని రహమతుల్లా కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. జేబులోంచి రబ్బరు బ్యాండు చుట్టిన బటన్ల ఫోను తీసి చూపించాడు.

"దీంట్ల మాట్లాడుడే కష్టమైతుంది సదన్నా. ఇంక సైకిల్ ఎక్కడ తొక్కాలె?"

సదయ్య మెత్తబడ్డాడు. మరెవరై ఉంటారని అడిగాడు. మనతో పనిచేసినవాళ్లు పెద్దపల్లి దాకా ఉన్నారు, ఎంతమందిని పట్టుకుని అడుగుతావన్నాడు రహమతుల్లా. తర్వాత కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"గంట వినపడితేనే కద నీ చెయ్యి పోయేది? ఫోన్ల సప్పుడు బంద్ చేసి ఆడు."

ఇంత చిన్న ఉపాయం తనకు తట్టనందుకు సదయ్య సిగ్గుపడ్డాడు.

మర్నాడు పదకొండుకు పది నిమిషాల ముందే ముందుగదిలో నులక మంచం మీద కూర్చున్నాడు. శబ్దం గీతను సున్నాకు లాగాడు. తన సైకిల్ గంట తానే నొక్కి చూశాడు. ఉలుకూ పలుకూ లేదు. నెమ్మదిగా ఊపిరి వదిలాడు.

"మల్లక్క ఊరికి పోయింది" అంటూ సమ్మవ్వ వంటింట్లోకి నడిచింది. "పొయ్యి మీద కూర ఉన్నది. జెరసేపు నన్ను పిలవకు."

పిలిచే తీరిక అతనికి లేదు. పోటీ మొదలైంది.

మొదటి మలుపులోనే నలుగురు జారిపడ్డారు. వంతెన దగ్గర మిగతావాళ్లు వెనకబడ్డారు. వాలులో మిగిలింది ఇద్దరే. సదయ్య ముందు, అతని వెనక చక్రాన్ని అంటుకున్నట్టుగా బ్లాక్ డేంజర్.

నలభై గజాలు. గేటు పక్కన నిప్పునెమలి పురి విప్పి నిలబడింది. బడి నుంచి రాగానే సహస్ర చేసే ఫోను అప్పుడే అతని చెవిలో మోగుతున్నట్టుంది.

ఇరవై గజాలు. బ్లాక్ డేంజర్ చెయ్యి గంట మీదికి పోవడం తెరమీద స్పష్టంగా కనిపించింది. సదయ్య నవ్వుకున్నాడు. కొట్టుకో బిడ్డా, అనుకున్నాడు. నీ వేళ్లు అరిగేదాకా కొట్టుకో.

పది గజాలు.

ట్రింగ్.

ఒక్కసారే. సదయ్య బొటనవేలు బ్రేకు మీద పడింది. సైకిల్ నిలబడిపోయింది. నల్ల హెల్మెట్ అతన్ని దాటి గేటు తాకింది. నిప్పునెమలి రెక్కలు ముడిచి వెళ్లి దాని భుజం మీద వాలింది.

సదయ్య ఫోనును కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. శబ్దం సున్నా మీదే ఉంది.

గంట మోగింది వంటింట్లో.