గ్రీకు పద్ధతి

ఓబుళరెడ్డికి ముద్ద దిగడం లేదు. చెల్లెలు సుబ్బలక్ష్మమ్మ వడ్డించిన రొట్టె వడ్డించినట్టే ఉంది.

"ఏం బావా, ఒంట్లో బాగల్యా?" అన్నాడు ఆమె మొగుడు నారాయణరెడ్డి.

"కూలి చేసుకునేటోడు ఒకడు. తప్పు నువ్వే చేసినావా అని అడిగినా. ఊఁ అన్యాడు. ఏమడిగినా ఊఁ అన్యాడు. వానికి తగినట్టు చేసొచ్చినా. అయినా ఎందుకో మనసు పీకుతాండాది."

"పనోళ్లతో యాడైనా ఇదే తంటా" అంటూ నారాయణరెడ్డి హుషారుగా లేచాడు. కర్నూలు కొత్తగా రాజధాని అయిన రోజులవి. అక్కడి కాలేజీలో తత్త్వశాస్త్రం చెబుతాడాయన. పైగా గ్రీకుల పాత సంభాషణ ఒకదానికి కొత్త వ్యాఖ్యానం రాస్తున్నాడు. వినేవాడు దొరికితే వదలడు.

"నిజం మనిషి లోపలే ఉంటాది బావా. ఓర్పుగా అడిగితే దానంతటదే బయటికొస్తాది. నేను రాస్తాండే ఆ సంభాషణలో గ్రీకు పెద్దాయన ఒకడు చదువురాని బానిస చేత లెక్క చెప్పించినాడు. చూద్దువు రా."

పెరట్లో కట్టెలు కొడుతున్న ఉరుకుందప్పను పిలిచాడు. కోసిగి వైపు నుంచి పనికి వచ్చినవాడు. బడి ముఖం చూసినవాడు కాదు. నారాయణరెడ్డి పుల్లతో నేల మీద చదరం గీశాడు. మూల నుంచి మూలకు గీత లాగాడు.

"ఇది సగమైందా లేదా?"

"అయింది సామీ."

"ఈ అడ్డగీత పొడవుతో ఇంకో చదరం గీసినా. మొదటిదానికి ఇది రెట్టింపు గదా?"

"రెట్టింపే సామీ."

"చూసినావా బావా! ఎవురు నేర్పినారు వీనికి?"

ఓబుళరెడ్డి ముఖం తేటపడింది. పొద్దుటి నుంచి గుండెల మీదున్న బరువు దిగింది. అడిగితే నిజమే చెబుతారన్నమాట. సరదా పుట్టి తానూ పుల్ల అందుకున్నాడు.

"ఏమప్పా, ఈ చిన్నదీ ఈ పెద్దదీ రెండూ సమానమే గదా?"

"సమానమే సామీ."

నారాయణరెడ్డి నవ్వు ఆగిపోయింది. "అదేందిరా? ఇప్పుడే గదా రెట్టింపన్యావు!"

ఉరుకుందప్ప తల వంచుకున్నాడు. "పెద్దోళ్లు అడుగుతాండారు. కాదని ఎట్లంటాం సామీ?"

ఓబుళరెడ్డి పుల్ల కింద పెట్టేశాడు. సిగ్గుతో ఆ పనివాడి ముఖం చూడలేకపోయాడు. చెల్లెలి ముఖమూ చూడలేకపోయాడు.

గుమ్మంలో నిలబడ్డ సుబ్బలక్ష్మమ్మకు అన్న అవస్థ చూసి జాలేసింది. "దానికేముందిలే అన్నా. రేపు పోతానే ఆ కూలోన్ని పిలిచి మళ్లీ పనిలో పెట్టుకో" అంది.

జడ్జి ఓబుళరెడ్డి ఆ ఉదయమే ఉరిశిక్ష తీర్పు కింద సంతకం పెట్టి, ఆనవాయితీ ప్రకారం కలం పాళీ విరిచేసి వచ్చాడు.