ముతక పిండి ఎవరికి?

“ఈ ఊళ్ళో మనుషులకన్నా కుక్కలే ఎక్కువున్నాయా?”

పటాసు సారు విసిరిన ఫారాల కట్ట బల్ల మీద పడి, సగం నేల మీదికి జారింది. పిండి మిల్లులో అమ్మకాల విభాగానికి ఆయనే పెద్ద. ఏ పిండి ఎవరు కొంటున్నారో, ఎందుకు కొంటున్నారో తేల్చి యజమానికి చెప్పడం ఆయన పని. కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి ఆఫీసంతా చాటుగా ఆ పేరు పెట్టుకుంది. అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా కనబడదు.

ఎదురుగా సర్వే అమ్మాయి బిక్కుబిక్కుమంటూ నిలబడింది. పనిలో చేరి మూడు నెలలు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

“ఐదు వందల ఇళ్ళు తిరగమన్నాను. అందులో మూడు వందల పది ఇళ్ళు ముతక పిండి కొంటున్నాయట! తౌడూ పొట్టూ కలిపి పశువుల కోసం అమ్మే పిండి అది. ఎవరికమ్మా అంటే అందరిదీ ఒకటే పాట. కుక్కకి, కుక్కకి, కుక్కకి! ఎక్కడో నీడపట్టున కూర్చుని అన్నీ నువ్వే బరికేశావు కదూ?”

“లేదు సార్. వాళ్ళు చెప్పిందే రాశాను.”

“ఒక్క కుక్కనైనా కళ్ళారా చూశావా?”

“చూళ్ళేదు సార్.”

“చూళ్ళేదట! అక్కడ యజమాని ఈ లెక్క నమ్మి కుక్క బిస్కెట్ల యూనిట్ పెట్టేస్తానని కూర్చున్నాడు. రేపు అవి అమ్ముడుపోకపోతే నా మెడకే కదా చుట్టుకునేది? నాకసలు కుక్కంటేనే పడదు, మా గుమ్మం కూడా తొక్కనివ్వను. పైగా ఫారాలు నాలుగు వందల తొంభై తొమ్మిదే ఉన్నాయి. ఆ ఒక్కటీ ఏ గంగలో కలిసింది?”

ఆ అమ్మాయి సంచీ పట్టీని బిగించి పట్టుకుంది. “అదొక్కటీ... తర్వాతిస్తాను సార్.”

“తర్వాత లేదు, గిర్వాత లేదు. పద! నాకు ఒక్క కుక్కని చూపించు చాలు. చూపించలేకపోయావో, రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదు.”

ఎంత కోపమొచ్చినా ఆకలికి మాత్రం ఆగలేడు. ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా మూత తీసి నాలుగు తెల్ల రొట్టెలూ నిలబడే లాగించేశాడు. మిల్లులో జీతాలు మూడో వంతు కోసేసి ఏడాదైంది. అయినా ఆ డబ్బాలో రొట్టె తగ్గిందీ లేదు, మెత్తదనం తగ్గిందీ లేదు. ఇల్లాలంటే అలా ఉండాలని కనబడినవాడికల్లా చెప్పుకుంటాడు కూడా.

కట్టలో పైనున్న ఫారం తీసుకుని, మిల్లు వెనక రెండో వీధిలో ఆ ఇంటి తలుపు తట్టారు. చేతికి పిండి అంటుకునే ఉన్న ఒకావిడ తలుపు తీసింది.

“ముతక పిండి ఎవరికమ్మా?” పలకరింపూ లేదు, పాడూ లేదు.

“కుక్కకండీ.”

“ఏదీ?”

“బయటికెళ్ళింది.”

“పేరేంటి?”

ఆవిడ చేతి పిండి కొంగుకి తుడుచుకుంది. “పేరా... ఇంకా పెట్టలేదండీ.”

పటాసు అంటుకుంది. సర్వే అమ్మాయి “వద్దు సార్” అంటున్నా వినకుండా లోపలికి నడిచాడు. పొయ్యి పక్కన గిన్నెలో తెల్ల రొట్టెలు, పైన మూత. కిందనున్న కంచంలో నల్లటి మందపాటి రొట్టె, సగం తినేసి ఉంది. పక్కనే కొరికిన ఉల్లిపాయ.

“ఓహో! మీ కుక్క కంచంలో తింటుందా? ఉల్లిపాయ కూడా నంజుకుంటుందా?”

అనేశాడు. అన్నాక గానీ తానన్నదేమిటో ఆయనకి తెలిసిరాలేదు. ఆవిడ తలెత్తకుండా కంచాన్ని చేత్తో వెనక్కి జరిపింది.

“మా ఆయనకి చెప్పకండి బాబూ. తెల్లపిండి ఆయనకీ పిల్లలకే చాలీచాలకుండా ఉంటోంది. అందరం ఒకటే తింటున్నామనుకుంటున్నారాయన.”

పటాసు సారు తల దించుకుని బయటికి నడిచాడు. వీధిలోకి వచ్చాక మాత్రం గొంతు రెట్టింపైంది.

“మనుషులేనా అమ్మాయ్ వీళ్ళు? మూడు వందల పది మంది మొగుళ్ళు! పెళ్ళాం ఏం తింటోందో ఒక్కడికీ తెలీదా? కళ్ళు నెత్తికెక్కాయా?”

“ఆయన తిని లేచాకే ఆవిడ తింటుంది సార్. ఇంకెలా తెలుస్తుంది?”

“వాళ్ళని వెనకేసుకు రాకు! ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు వంటింట్లోకి తొంగిచూస్తే తెలీదూ? ఈ దున్నపోతులకి తెల్ల రొట్టె గొంతు ఎలా దిగుతోందసలు? నీ ఉద్యోగానికేం భయం లేదు. నువ్వు రాసిందంతా నిజమే. కానీ ఆ మొగుళ్ళున్నారే, ఒక్కొక్కణ్ణీ నిలబెట్టి, వాడింటి ఫారం వాడి చేతికిచ్చి చదివించాలి. అప్పుడైనా సిగ్గొస్తుంది వెధవలకి!”

సర్వే అమ్మాయి నడక ఆపేసింది. “నిజంగానే చదివించాలంటారా సార్?”

“చదివించాల్సిందే! ఎవడైతే నాకేంటి?”

ఆ అమ్మాయి సంచీలోంచి నాలుగు మడతల కాగితం బయటికి తీసింది. “తక్కువొచ్చిన ఆ ఒక్క ఫారం ఇదే సార్. ఆ ఇంటావిడ పెన్ను తీసుకుని తనే రాసిచ్చింది. రాశాక, ఎక్కడినుంచి వచ్చానో తెలిసి, కట్టలో పెట్టొద్దని బతిమాలింది. మీరు ఇంతగా అన్నారని ఇస్తున్నాను.”

ఆయన విసురుగా లాక్కుని మడతలు విప్పాడు. ఇంటి నంబరు చూశాడు. తనదే. ముతక పిండి ఎవరికి అన్న ప్రశ్న ఎదురుగా, నెలనెలా సరుకుల చీటీలో చూసే ఆ గుండ్రటి అక్షరాలే.

“కుక్కకి.”