జెండాగుట్ట మీద మబ్బు

"మబ్బులు ఇంకా పెంచు."

"పెంచితే బొమ్మ ఆగాగి నడుస్తది కాకా. పాత కార్డు, దీని పానం గంతే," అన్నాడు భాస్కర్, మౌస్ మీద చెయ్యి తీయకుండా.

"గందుకే గదా కొత్తది తెమ్మన్న. పెట్టు."

భాస్కర్‌కు పాల్వంచలో కంప్యూటర్ రిపేరు షాపు ఉంది. కంప్యూటర్‌లో నిజం ఊళ్ళ మీద, నిజం గుట్టల మీద విమానం నడిపే ఆటలు ఆడేవాళ్ళు అతనికి కొత్త కాదు. ఆట సాఫీగా నడిస్తే చాలు, మబ్బులు ఏ గంగలో కలిసినా పర్వాలేదనేవాళ్ళే అందరూ. తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు ప్రాణం తోడేసేవి ఆ మబ్బులే మరి. అరవై దాటిన మనిషి కేవలం మబ్బుల కోసం కొత్త కార్డు పెట్టించుకోవడం మాత్రం అతను ఎక్కడా చూడలేదు. రాందాస్ ఫోన్ చేసి అడిగినప్పుడు లోపల్లోపల నవ్వుకున్నాడు కూడా. భద్రాచలం రోడ్డు దిగి, అడవిలో తండా దాకా బండి మీద వచ్చి, ఈ గదిలో అడుగు పెట్టాక ఆ నవ్వు కాస్తా పోయింది.

మానిటర్ పక్కన మడిచిన పేపరు ముక్క గోడకు ఆనించి ఉంది. పైకి ఫొటో ఒక్కటే కనిపిస్తోంది. తెల్ల చొక్కా, భుజాల మీద పట్టీలు, నవ్వు ముఖం ఉన్న అమ్మాయి. ఫొటో ముందు ఆ పొద్దున కోసిన బంతిపువ్వు.

జూలైలో సర్వే విమానం ఈ అడవిలోని చిన్న రన్‌వే మీద దిగబోతూ జెండాగుట్టకు కొట్టుకుని కూలిపోయిందనీ, నడిపింది ఒక ఆడపిల్ల అనీ ఈ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. భాస్కర్ గొంతు తగ్గించాడు.

"ఈ పాపేనా కాకా?"

"ఇరవై నాలుగేండ్లు," అన్నాడు రాందాస్.

భాస్కర్‌కు కూడా ఒక కూతురుంది. మాటలు కట్టిపెట్టి పనిలో పడ్డాడు. కేబినెట్ విప్పి, పాత కార్డు తీసి, కొత్తది బిగించాడు. రాందాస్ భార్య హేమ్లి చాయ్ తెచ్చి ఇచ్చింది.

"రెండు నెలల సంది గీ మిషిన్ ముందటనే. తిండి లేదు, నిద్ర లేదు. నువ్వన్నా చెప్పు బిడ్డా, పోయిన పానం మల్లొస్తదా?"

"నువ్వు లోపలికి పో," అన్నాడు రాందాస్. ఆ మాటలో కసురు లేదు, బతిమాలినట్టే ఉంది.

కంప్యూటర్ వెలిగింది.

"జూలై పందొమ్మిది, పొద్దున ఆరున్నర. ఆ పొద్దటి వాతావరణం మా లాలు నెట్‌ల దించి పెట్టిపోయిండు. గని ఈ కార్డుకు మబ్బులు సగమే వస్తయ్ నాయినా, అసలువి వేరే అన్నడు. కొడుకు గట్ల అన్నకాడి నుంచి నాకు మనసున పడ్తలేదు."

"విమానంలకెళ్ళి చూపియ్యాల్నా?"

"కాదు. కిందకెళ్ళి. రన్‌వే పక్కన నిలబడి చూస్తే గుట్ట కనబడ్తదా లేదా, గంతే."

తండ్రి కదా, బిడ్డ విమానం కోసం కింద నిలబడి చూసి ఉంటాడు అనుకున్నాడు భాస్కర్. "ఎంత ఎత్తుల నిలబడి చూసినట్టు పెట్టాలె?"

"ఆడ మంచె ఉంటది. ఇరవై అడుగులు." రాందాస్ మోకాలు రుద్దుకున్నాడు. "వద్దు. నేల మీదనే పెట్టు. ఆ పొద్దు మంచె ఎక్కలే."

ముందు తక్కువ మబ్బులతో చూపించాడు భాస్కర్. చెట్ల మీదుగా జెండాగుట్ట పల్చటి తెర వెనక నీలంగా కనిపించింది. రాందాస్ ముఖం విప్పారింది.

"అగో, కనబడ్తుంది గదా! చిన్నప్పటి సంది చూసిన గుట్ట. కండ్లు మూసుకున్నా ఏడుందో చెప్త."

"ఇగ ఫుల్ పెడుతున్న."

కొత్త కార్డు ఫ్యాన్లు గుయ్యిమన్నాయి. మబ్బులు పొరలు పొరలుగా కిందికి దిగాయి. చెట్లున్నాయి. చెట్ల పైన అంతా తెలుపు. గుట్ట లేదు.

"బొమ్మ పోయింది. సరిగ్గ చూడు."

"బొమ్మ పోలే కాకా. గడ్డి ఊగుతుంది చూడు. కార్డు మస్తు నడుస్తుంది. గుట్ట మబ్బులల్ల ఉంది."

"రెండిట్ల ఏది నిజం?"

అబద్ధం చెప్పాల్సిన అవసరం భాస్కర్‌కు కనిపించలేదు. నిజమే ఆ ముసలాయనకు ఊరట అవుతుందనుకున్నాడు.

"ఇదే నిజం. అది సగం లెక్క, ఇది పూరా లెక్క. నువ్వు బాధపడకు కాకా. గింత మబ్బుల గుట్ట ఎవలికీ కనబడదు. ఆ పాప తప్పేం లేదు."

"ఎవలికీ కనబడదా?"

"ఎవలికీ."

రాందాస్ తెర మీద గుట్ట ఉండాల్సిన చోట వేలు పెట్టి చూశాడు. చాయ్ మీద మీగడ కట్టింది. చివరికి, "కొత్త కార్డు తీసెయ్," అన్నాడు. "పాతదే పెట్టు."

"తీసుడెందుకు? మబ్బులు తగ్గిస్తే సరిపాయె."

"తగ్గిస్తే మల్ల పెంచబుద్ధయితది. తీసెయ్ బిడ్డా, నీ కాళ్ళు మొక్కుత."

ఇంత దుఃఖంలో ఉన్న మనిషితో వాదమెందుకని భాస్కర్ స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. కేబినెట్ ఇవతలికి లాగుతుంటే పేపరు ముక్క జారి కింద పడింది. తీసి దులిపేసరికి మడత విడిపోయింది.

ఫొటో కింద పేరుంది. సాయిప్రియ. ఖమ్మానికి చెందిన ప్రభాకర్, వనజ దంపతుల ఒక్కగానొక్క కూతురు. భాస్కర్ ఆ వాక్యం రెండుసార్లు చదివాడు. రోజూ మంచె ఎక్కి, జెండాగుట్ట కనిపిస్తోందో లేదో చూసి ఫోన్‌లో చెప్పడం రన్‌వే కాపలాదారు పని అని ఆ కింద రాశారు. ఆ ఉదయం కాపలాదారు "గుట్ట కనబడుతుంది, రండి" అన్నాకే ఆమె విమానాన్ని కిందికి దించిందట.

ఆ కాపలాదారు పేరు రాందాస్.