రెండు గొంతుల స్పీకరు

వాళ్ళమ్మ పోయిన పన్నెండో రోజున కౌముది స్పీకరు చినిగింది.

లాల్‌దర్వాజా సందులో రెండు గదుల అద్దె ఇల్లు. నిండా చుట్టాలు. ముందు గదిలో విస్తళ్ళు వేస్తుంటే వెనక గదిలో కౌముది గిటార్ తీసి సౌండ్ మొత్తం పెంచింది. గోడలు అదిరాయి. కౌముది తండ్రి శ్రీపాద వాళ్ళక్క వెళ్ళి తలుపు బాదింది.

"చావింట్ల ఏం లొల్లే గిది!"

గిటార్ ఆగింది. కౌముది బయటికొచ్చి అందరికీ వడ్డించింది. సాయంత్రం చూసుకుంటే, యాంప్లిఫయర్ పెట్టెలోని స్పీకరు కాగితం నిలువునా చీలి ఉంది.

"నేనే ఖరాబ్ చేసిన నాన్నా. గంత సౌండ్ పెట్టకుండ ఉండాల్సింది" అంది.

శ్రీపాద ముందు గదిలోకి వెళ్ళి చాపలు మడవసాగాడు. బడిలో తెలుగు చెప్పే మనిషి. భార్య నళిని పోయాక ఎవరితోనూ నాలుగు మాటలు కలిపి మాట్లాడలేదు.

అది జరిగి పది రోజులు. గిటార్ కవరులోంచి బయటికి రాలేదు. శనివారం కాలేజీలో వాళ్ళ బ్యాండు ప్రోగ్రాం ఉంది. తను రానని కౌముది స్నేహితులకు చెప్పేసింది. ఇంట్లో గిన్నెలు కూడా చప్పుడు కాకుండా కడుగుతోంది. శ్రీపాదకు ఆ నిశ్శబ్దంలో ముద్ద దిగలేదు. క్లాసులో ఒకే వాక్యాన్ని బోర్డు మీద రెండుసార్లు రాశాడు. పిల్లలు నవ్వారు.

శుక్రవారం మధ్యాహ్నం సెలవు పెట్టాడు. స్పీకరు ఊడదీసి, న్యూస్‌పేపర్లో చుట్టి, పురానాపూల్ దగ్గర డానియేలు దుకాణానికి వెళ్ళాడు. డానియేలు పెళ్ళి బ్యాండ్ల యాంప్లిఫయర్లు బాగుచేస్తాడు. ఆదివారాలు చర్చిలో గిటార్ వాయిస్తాడు.

కౌముది నాలుగింటికి ఇంటికొస్తుంది. ఆలోపు బిగించెయ్యాలి.

శ్రీపాద స్పీకరును బల్ల మీద బోర్లా పెట్టి, వెనకున్న స్టిక్కరు కనిపించేంత మేరకే న్యూస్‌పేపరు తొలగించాడు. డానియేలు స్టిక్కరు చదివాడు. పన్నెండు అంగుళాలు, ఎనిమిది ఓములు.

"తిప్పుండ్రి సార్, చూస్త. కాగితం మారిస్తే అయిపాయె."

"వద్దు. వేరేదే ఇవ్వు."

"బిడ్డ ఏం వాయిస్తది? క్లీనా, డిస్టార్షనా?"

శ్రీపాదకు ఆ మాటలు తెలియవు. మీటితే మీటినంతే తేటగా పలికేది ఒకటి, గొంతు చించుకున్నట్టు గరగరలాడేది ఒకటి, తన కూతురు రెండూ వాయిస్తుందని చెప్పాడు.

డానియేలు తల గోక్కున్నాడు. "గదే కష్టం సార్. క్లీన్‌కు మంచిగున్నది డిస్టార్షన్ల గీకుతది. డిస్టార్షన్‌కు మంచిగున్నదేమో క్లీన్ మీద గొంగడి కప్పుతది. రెంటికీ ఒదిగేది దొరకాలె."

మూడు స్పీకర్లు వరసగా పెట్టి వాయించి చూపాడు. శ్రీపాద ఎదురుగా కూర్చుని విన్నాడు. ఏదీ కౌముది వాయించినట్టు లేదు. లేచాడు. కూర్చున్నాడు. గడియారం చూసుకున్నాడు. రెండున్నర.

"బిడ్డనే తోల్కరాకపోయినరా సార్?" అన్నాడు డానియేలు.

అప్పుడు తట్టింది శ్రీపాదకు. తను ఏనాడూ స్పీకరు ఎదురుగా కూర్చుని వినలేదు. ఆరేళ్ళుగా ముందు గదిలో నోట్సులు దిద్దుకుంటూ, గోడ అవతలి నుంచే విన్నాడు.

బయటికెళ్ళి షట్టర్ దించమన్నాడు.

"షట్టర్ దించితే దుకాణం బంద్ అనుకుంటరు సార్. కొనేటోళ్ళు లోపల గూసుంటరు, మీరేంది బయట నిలవడ్తరు?" అంటూనే దించాడు.

శ్రీపాద సందులో గోడకు చెవి ఆనించి నిలబడ్డాడు. ఒక స్కూటరాయన హారన్ కొట్టి, వింతగా చూస్తూ పోయాడు.

మొదటి స్పీకరు తేటగా మోగింది. గరగరలోకి వెళ్ళేసరికి రేకు గీసినట్టయింది. రెండోది గరగరలో చిక్కగా పలికింది. తేటదనం అడుగున పడిపోయింది.

మూడోది పాతది, ఏదో చర్చి నుంచి వచ్చింది. తీగ మీటగానే స్వరం గుండ్రంగా గోడ దాటి వచ్చింది. కౌముది ఇలా వాయిస్తుంటే నళిని మిక్సీ ఆపేసి వినేది. అంతలో లోపల డానియేలు కాలితో గరగర తెప్పించే పెడల్ నొక్కాడు. గొంతు చిరిగింది. చెవి గీసుకుపోలేదు. దాని అడుగున ఏదో తడిగా సాగుతూనే ఉంది.

శ్రీపాద గోడ మీంచి చెవి తియ్యలేదు. పన్నెండో రోజున కౌముది వాయించింది లొల్లి కాదని, చుట్టాల ముందు ఏడవలేని పిల్ల ఏడుపని, ఎవరి సందులోనో నిలబడితే తెలిసింది.

షట్టర్ లేచాక, "ఇదే" అన్నాడు.

పాతది వదిలి వెళ్ళమని డానియేలు అడిగాడు, కాగితం మార్చి వాడుకుంటానన్నాడు. శ్రీపాద వినిపించుకోనట్టే దాన్ని మళ్ళీ చుట్టి, చంకలో పెట్టుకుని ఆటో ఎక్కాడు.

నాలుగో స్క్రూ బిగిస్తుండగా కౌముది వచ్చింది. బ్యాగు దించకుండానే పెట్టె ముందు కూలబడింది.

"నా తప్పుకు మీరు తిరిగిండ్రా నాన్నా?"

అతను స్క్రూ తిప్పుతూనే ఉన్నాడు.

"ఇగ ఎన్నడూ గట్టిగ వాయించ. అమ్మ మీద ఒట్టు."

"అట్లా ఒట్టు పెట్టకు తల్లీ" అన్నాడు శ్రీపాద. "ఎంత గట్టిగానైనా వాయించు. రేపు ప్రోగ్రాంకు పో."

తరవాతి మాట నోటిదాకా వచ్చింది. ముందు గదిలోకి వెళ్ళి నోట్సులు తెరిచాడు.

గోడ అవతల గిటార్ మొదలైంది. సన్నగా, తేటగా, ఎవరో నిద్రపోతున్న ఇంట్లో వాయించినట్టు. స్పీకరు సరిగ్గా పలుకుతోంది. పెడల్ నొక్కుతుందేమోనని ఎదురుచూశాడు. నొక్కలేదు. రెండుసార్లు లేచి ఆమె తలుపు దాకా వెళ్ళాడు, రెండుసార్లూ తిరిగొచ్చాడు.

ఆ రోజు అందరూ విస్తళ్ళ ముందు ఉండగా వెనక గదిలోకి వెళ్ళి, ఆ లొల్లి మళ్ళీ లేవకూడదని స్పీకరు కాగితాన్ని చీల్చింది తనేనని కౌముదికి చెప్పడం ఒక్కటే ఇంకా మిగిలి ఉంది.