చుట్టపుచూపు

"రెండే రెండు ప్రశ్నలమ్మా. ఆయన మామూలుగా ఉండేదెక్కడ? ఈ దేశానికి ఎప్పుడొచ్చారు?"

అడిగింది హేజెల్. ఆ ఇంగ్లండు ప్రభుత్వాసుపత్రిలో, బయటి దేశాల రోగుల దగ్గర వైద్యం ఖర్చు రాబట్టడం ఆవిడ ఉద్యోగం.

మంచం మీద మనిషికి స్పృహ లేదు. ఒంటినిండా గొట్టాలు. పక్కన కూర్చున్న ఆయన భార్య ఎఫువా తలెత్తింది.

"ఘానాలోనమ్మా. మనవణ్ణి చూసుకుందామని వచ్చి పదకొండు రోజులైంది. మెట్ల మీద కుప్పకూలిపోయారు."

"ఎమర్జెన్సీలో చూసినంతవరకు ఉచితం. వార్డులో చేర్చాక మాత్రం కట్టుకోవాల్సిందే. నేను పెట్టిన రూలు కాదు."

"కాస్త ఆగమ్మా. డాక్టరుగారు ఏదో మాట్లాడాలన్నారు."

"మొన్నా ఇదే చెప్పారు. నిన్నా ఇదే చెప్పారు."

ఎఫువా ఖర్చు కాగితం మీద సంతకం పెట్టింది.

ఆఫీసుకొచ్చి హేజెల్ ఫైలు బల్ల మీద పడేసింది.

"ఇలాంటివాళ్ళు వచ్చి పడబట్టే మనవాళ్ళకి దిక్కులేకుండా పోతోంది ట్రెవర్. మా ఎల్సీ పేరు జాబితాకెక్కి పద్నాలుగు నెలలు."

"ఎల్సీకి కావలసింది మంచం కాదుగా," అన్నాడు పక్క సీటు ట్రెవర్ టీ కలుపుతూ.

"నీకేం, చెప్తావు. పిల్లా జెల్లా ఉంటే తెలిసేది."

హేజెల్ కూతురు ఎల్సీకి పంతొమ్మిదేళ్ళు. కాలేయం పూర్తిగా చెడింది. పోయినవాళ్ళెవరిదైనా సరిపడితే తప్ప ఆ పిల్ల దక్కదు. హేజెల్ కడుపుకోత ఆవిడది.

మర్నాడు మధ్యాహ్నం ఫోనొచ్చింది. కాలేయం దొరికింది.

ఆపరేషన్ బాగా జరిగింది. ఇచ్చినవాళ్ళ పేరు చెప్పరు, అడగనూ కూడదు. మోటారుసైకిలు మీద నుంచి పడి చనిపోయిన మన కుర్రాడెవడో అయివుంటాడని హేజెల్ తనకు తానే నిశ్చయించుకుంది. వాడి కన్నతల్లిని తలుచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. వాడి పేరన చర్చిలో కొవ్వొత్తి వెలిగించింది. ఆ ఇంటివాళ్ళకి చేతులెత్తి దణ్ణం పెడుతున్నానంటూ ఉత్తరం రాసి, నర్సు ద్వారా పంపింది.

తిరిగి ఉద్యోగంలో చేరిన వారమే ఎఫువాకి మొదటి తాఖీదు పంపింది. ఆపై నెల రెండోది. మనిషి పోయినా బాకీ పోదు కదా, అది రూలు.

నాలుగు నెలలకు తన ఉత్తరానికి జవాబొచ్చింది. పేర్లన్నీ నల్లసిరాతో కొట్టేసి ఉన్నాయి.

"మీ అమ్మాయి లేచి తిరుగుతోందని చదివి కడుపు నిండిందమ్మా. మావారు బడిపంతులు. ఒక పిల్ల బతుకుతుందంటే ఆయన రెండోమాట అనేవారు కాదు, అందుకే డాక్టరుగారు అడగ్గానే నేనూ సరేనన్నాను. మనవణ్ణి చూసుకుందామని మీ దేశం వచ్చారు, ఇక్కడే ఉండిపోయారు. ఖర్చు కాగితం పట్టుకుని మూడు రోజులు మంచం దగ్గరికొచ్చిన ఆఫీసావిడ ఒక్కసారైనా ఆయన మొహం వంక చూడలేదు, మీకు చూడాలనిపిస్తుందని ఫోటో పెడుతున్నాను."