నవ్వుతా మాటాడు

"నవ్వుతా మాటాడు. అది చూత్తంది" అంది జానకి, చేగోడీల పళ్ళెం చెల్లెలి ముందుకి తోస్తూ.

శ్వేత నవ్వింది. నవ్వుతూనే అంది: "నా కూతురితో నేను మాటాడ్డానికి నీ పర్మిషనేటప్పా?"

"ఆ మాట ఇంకోసారన్నావంటే ఈ పళ్ళెం నీ నెత్తి మీదుంటాది. తిను. తిని, బాగున్నాయని తలాడించు."

శ్వేత ఒక చేగోడీ కొరికి తలాడించింది. మస్కట్ నుంచి కలకత్తా, అక్కణ్ణించి రైల్లో టాటానగర్, స్టేషన్నుంచి ఆటోలో సోనారి. అక్క ఫ్లాటు మెట్లెక్కి గంట కూడా కాలేదు. సూట్‌కేసు ఇంకా గుమ్మం దగ్గరే ఉంది. లోపల పెట్టుకోమని ఎవరూ అనలేదు.

బల్లకి అవతల తనుశ్రీ కెమిస్ట్రీ నోట్సు రాసుకుంటోంది. పదహారేళ్ళు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, తీగ కుర్తా జేబులోకి దిగి ఉంది. అచ్చం శ్వేతలాగే ఎడం చేత్తో రాస్తోంది. వీళ్ళిద్దరి నవ్వు మొహాలూ చూసి తనూ నవ్వింది.

"క్యా చల్ రహా హై ఆప్ దోనోం కా?"

అమ్మమ్మ కబుర్లు చెప్పుకుంటున్నామని జానకి హిందీలో సర్దేసింది. తనుశ్రీ మళ్ళీ తల దించుకుంది.

"ఎడం చెయ్యి" అంది శ్వేత నెమ్మదిగా.

"మాన్పిద్దామని చూసేను. మాన్లేదు. నీ నించి దానికొచ్చింది అదొక్కటే."

"తెలుగెందుకు నేర్పలేదు?"

"నేర్పితే నువ్వు ఫోన్లో ఏడ్చే ఏడుపులన్నీ దానికర్థమైపోవూ? ఇంట్లో దాంతో ఎప్పుడూ హిందీయే. నీ సంగతొచ్చినప్పుడే నేనూ మీ బావా తెలుగులోకి దిగుతాం."

"అంటే నా భాష కూడా దానికి లేకుండా చేసేవు."

"నీ భాష, నీ పిల్ల! ఇంకా ఏటేటి నీవి? ఈ కుర్చీ కూడా నీదేనా?"

శ్వేత మొహంలో నవ్వు జారిపోబోయింది. చప్పున పట్టుకుని, సంచిలోంచి చెప్పుల పెట్టె తీసింది. "తనూ, యే తుమ్హారే లియే."

తనుశ్రీ సంబరంగా లేచి వచ్చి చెప్పులో కాలు పెట్టింది. పాదం సగం దాకా వెళ్ళి ఆగిపోయింది. మడమంతా బయటే ఉంది. "బహుత్ సుందర్ హై, మౌసీ" అని పిన్నిని మెచ్చుకుని, ఆ జతని జాగ్రత్తగా పెట్టెలో సర్దేసి తన కుర్చీలోకి వెళ్ళిపోయింది.

"మూడేళ్ళ కిందట చూసిన కాలు. పిల్లలు పెరుగుతారని తెలీదేటి నీకు?" అంది జానకి తియ్యగా.

"తెలీకుండా చేసిందెవరు? వీడియో కాల్ చేత్తే ట్యూషన్‌కెళ్ళిందంటావు. ఫొటో పంపమంటే నెల్లాళ్ళు. దొంగవప్పా నువ్వు."

జానకి విసురుగా లేచింది. ఫ్రిజ్ మీద చార్జింగులో ఉన్న ఫోను పక్కకి జరిపి, తలుపు తెరిచి పాలగిన్నె తీసింది. మళ్ళీ మూత పెట్టి అక్కడే పెట్టేసింది.

"దొంగనా? రెండేళ్ళలో వచ్చేత్తానని నా ఒళ్ళో పడేసి పోయేవు. పద్నాలుగేళ్ళయింది. దానికి కామెర్లొచ్చి పదకొండు రోజులు హాస్పిటల్లో ఉంటే మంచం కింద చాపేసుకుని పడుకున్నదెవత్తి? మీ బావ నైట్ షిఫ్ట్ దిగి, డ్యూటీ బట్టలు కూడా విప్పకుండా స్కూటర్ మీద స్కూలుకి దింపీవోడు. మొగుడొదిలేసినోళ్ళందరూ పిల్లల్నొదిలేసి పోతన్నారా?"

ఎయిర్‌డ్రోమ్ నుంచి లేచిన చిన్న విమానం ఇంటి మీదుగా రొదపెడుతూ పోయింది. జానకి మాట ఆపింది. తనుశ్రీ ఓసారి కప్పుకేసి చూసి పేజీ తిప్పింది.

రొద తగ్గాక శ్వేత టీ గ్లాసు కింద పెట్టింది. "పన్నెండో క్లాసవగానే తీసుకెళ్ళిపోతాను. అక్కడిప్పుడు నాకు ఇల్లుంది, దానికో గదుంది. నేనెవరో ఇవాళే చెప్పేత్తాను."

"చెప్పు. చెప్తే అది నిన్ను అమ్మా అంటాదేటి?"

"అనకపోతే పోనీ. నిన్ను మాత్రం ఇంక మమ్మీ అన్దు."

జానకి గబుక్కున బల్ల దగ్గరికొచ్చింది. మోచెయ్యి తగిలి తన గ్లాసులో టీ బల్ల మీద ఒలికింది. కొంగుతో తుడవబోయి, తుడవకుండానే చెల్లెలి మణికట్టు పట్టుకుంది.

"ఒద్దే శ్వేతా. నీకు పుణ్యముంటాది. పరీక్షలయ్యే దాకానైనా ఆగు. నీ కాళ్ళట్టుకుంటాను."

శ్వేత ఆ చెయ్యి విడిపించుకుంది.

"నవ్వుతా మాటాడప్పా" అంది. "అది చూత్తంది."

కుర్చీ తనుశ్రీ వైపు తిప్పుకుంది. దారి పొడుగునా రైల్లో మననం చేసుకున్న వాక్యమే. అదే అంది.

"తనూ బేటా... ముఝే తుమ్‌సే ఏక్ బాత్ కహనీ హై."

ఒక మాట చెప్పాలన్నది వినపడలేదేమోనని గాల్లో చెయ్యి కూడా ఊపింది. తనుశ్రీ పెన్ను మూత పెట్టింది. ఇయర్‌ఫోన్లు ఒక్కొక్కటే తీసి, జేబులోంచి తీగ పైకి లాగింది. దాని చివర ఫోను లేదు.

ఆ తీగని తీరిగ్గా వేలికి చుట్టుకుంటూ, అచ్చం జానకి యాసలో అడిగింది:

"నువ్వు మా అమ్మవనా, పిన్నీ? అది నాకు ఏడో క్లాసు నించీ తెలుసు. ఇంకేటైనా ఉందా?"