కౌలుదారుతో మాట్లాడని కంది బస్తా

విత్తన బస్తాకు నోరు పెట్టిన దొరల్లారా, ఆ నోరు ఎవరి కోసం పెట్టారు? పట్టా ఉన్నవాడు అడిగితేనే అది పలుకుతుంది. పట్టా ఉన్నవాడేమో పట్నంలో ఉంటాడు. దున్నేది కౌలుదారు.

మొన్న తొలకరి పడింది. కౌలు చేసే మరియమ్మ కొత్త రకం కంది బస్తా ముందు కూర్చుని, "సాలుకీ సాలుకీ ఎంత ఎడం పెట్టాలే తల్లీ?" అని అడిగింది. బస్తా ఉలకలేదు, పలకలేదు. పాత కందిలా దగ్గరగా వేస్తే ఈ రకం గుబురైపోయి కాయ పట్టదు. అలాగని ఆగితే నేలలో పదును ఆరిపోతుంది, ఏడాది పంట పోతుంది.

పక్కింటి కాశింబీకి సొంతంగా అరెకరం ఉంది, ఇంట్లో అదే రకం బస్తా ఉంది. "నీ బస్తా అలిగితే నాది లేదా అక్కా? ఇట్టా రా" అంటూ దాన్ని అరుగు మీదికి తెచ్చి తానే అడిగింది. అది గడగడా చెప్పసాగింది. వాడలోని కౌలుదార్లంతా చుట్టూ మూగారు. "పట్టా లేని గొంతులు వినబడుతున్నాయి" అని బస్తా మధ్యలో ఆగింది.

"వీళ్లంతా నా చుట్టాలే. నువ్వు చెప్పేది చెప్పు!" అని కాశింబీ గద్దించింది.

సాయంత్రానికి మరియమ్మ చేలో విత్తనం పడింది. ఈ ఏడు ఆమె కంది పండుతుంది, చూడండి.

కానీ ప్రతి వానకూ కాశింబీ గొంతు అరువు తెచ్చుకోవాలా? ఈ కార్తె దాటకముందే ఆ బస్తాలకు పట్టా అడగడం మాన్పించండి. ఎవరు విత్తితే వాళ్లకు జవాబు చెప్పించండి.